నాన్నకు నాన్

"తందూరు లేకుండా నాన్ ఏంట్రా? అది మైదా చపాతీ అవుతుంది గానీ నాన్ ఎలా అవుతుంది?" మా హాస్టల్లో ఈ మాట మీద వాదన మొదలైతే మెస్ మూసేదాకా ఆగదు. నాది ఎప్పుడూ ఎదుటి పక్షమే. తందూరు లేకుండా నాన్ అవుతుంది. బాగా అవుతుంది. పైగా మన పలాస, టెక్కలి, ఉద్దానం వైపు వాళ్ళు దాన్ని ధాబాలో తినడం కంటే ఇంట్లో చేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. రుచి దానికి రెండో కారణం. మొదటి కారణం ఉప్పు. ఆ సంగతికి వస్తాను, ముందు ఈ తందూరు గొడవ తేలనివ్వండి.

"మనది అన్నం తినే దేశం, మనకి నాన్‌తో పనేంటి" అనేవాళ్ళు కూడా ఉన్నారు. మా వైపు 'నాను' అంటే 'నేను'. మా నాయనమ్మ ఫోన్లో "నాను తినీసినాను" అంటే, నా రూమ్మేట్, కృష్ణా జిల్లా వాడు, "మీ నాయనమ్మ రోజూ నాన్ తింటుందా" అని అడిగాడు. ఆవిడ నోటికి అంబలి తప్ప ఇంకేదీ ఆనదు. కానీ నాన్ మన దగ్గరికి వచ్చి చాలా కాలమైంది. చెన్నై నుంచి కోల్‌కతా పోయే రోడ్డు, ఇప్పటి ఎన్‌హెచ్ 16, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి పోతుంది. ఆ రోడ్డు మీద తిరిగే ఉత్తరాది లారీ డ్రైవర్ల కోసం ధాబాలు వచ్చాయి, ధాబాల్లోకి తందూరు వచ్చింది, తర్వాత ఆదివారం పూట మనమూ వెళ్ళి కూర్చున్నాం. అది మన వంట కాదనడానికి ఇప్పుడు ఆలస్యమైపోయింది.

ఇక తందూరు. నాన్ పుట్టిన వైపు ఇంటింటికీ తందూరు ఉంటుందని మనం అనుకుంటాం. పంజాబ్ పల్లెల్లో 'సాంఝా చుల్హా' అని ఒక పద్ధతి ఉండేది. ఊరికో వీధికో ఒక ఉమ్మడి పొయ్యి. ఆడవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు పిండి కలిపి తెచ్చి అక్కడ కాల్చుకునేవాళ్ళు. హైదరాబాద్ పాతబస్తీలోనూ అంతే. పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్ 1851 నాటి దుకాణమని చెప్పుకుంటారు. అక్కడి నాలుగు మూలల నాన్‌ని జనం కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళి నహారీలో ముంచుకు తింటారు. అంటే నాన్ తినేవాళ్ళ ఇళ్ళలో కూడా చాలామందికి తందూరు లేదు. 1947 విభజన తర్వాత పెషావర్ నుంచి ఢిల్లీ వచ్చినవాళ్ళు దర్యాగంజ్‌లో మోతీ మహల్ పెట్టాక ఈ తందూరు వంట హోటల్ వంటగా దేశమంతా పాకింది. మనకి చేరింది ఆ హోటల్ నాన్. అందుకే హోటల్ సామాను లేకపోతే అది నాన్ కాదన్న భ్రమ.

పొయ్యిని కాసేపు పక్కన పెట్టి, అది చేసే పని చూడండి. మూడో సెమిస్టరులో హీట్ ట్రాన్స్‌ఫర్ చదివి పరీక్ష రాసి మర్చిపోయినవాళ్ళకి ఇక్కడ ఉపయోగం ఉంది. తందూరు గోడకు అంటుకున్న వైపు నాన్‌కి కండక్షన్. కింది నిప్పుల నుంచి, ఎదురు గోడ నుంచి రెండో వైపుకి రేడియేషన్. లోపల తిరిగే గాలితో కొంత కన్వెక్షన్. బాగా కాగిన తందూరు గోడ 400 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మన ఇంటి ఇనుప పెనం గ్యాస్ మీద 250 దగ్గర తేలిగ్గా ఉంటుంది. రేడియేషన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది కదా, 450 డిగ్రీలు అంటే 723 కెల్విన్, 250 అంటే 523. భాగించి నాలుగో ఘాతం వేస్తే మూడున్నర రెట్ల పైమాట. తేడా అక్కడుంది. అంత వేడిలో ఒకటి, రెండు నిమిషాల్లో నాన్ తయారవుతుంది కాబట్టి లోపలి తడి బయటికి పోయే సమయం ఉండదు. పైన మచ్చలు పడతాయి, లోపల మెత్తగా ఉంటుంది. అదే నాన్‌ని సన్నని మంట మీద ఐదు నిమిషాలు కాలిస్తే తడంతా ఆవిరై అట్టముక్క అవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది, ఆ ఆవిరే నాన్‌ని ఉబ్బించేది. అది నెమ్మదిగా కారిపోతే ఉబ్బడానికి ఏమీ మిగలదు.

కాబట్టి ఇంట్లో మనకి కావలసినవి రెండే. కింది వైపు బాగా కాగిన ఇనుము, పై వైపు నేరుగా మంట. రెండూ ప్రతి వంటింట్లో ఉన్నాయి. పెనం తిరగెయ్యడమే తెలియాలి.

పిండి సంగతి ముందు. పావు కిలో మైదా, అర టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్టు, ఒక స్పూను పంచదార, మూడు పెద్ద స్పూన్ల పెరుగు, ఒక పెద్ద స్పూను నూనె, 120 మిల్లీలీటర్ల దాకా గోరువెచ్చని నీళ్ళు. ఈస్టు చిన్న ప్యాకెట్ కాశీబుగ్గలో దొరుకుతుంది, కేకుల సామాను ఉండే కొట్లో అడగండి. పిండి చపాతీ ముద్ద కంటే మెత్తగా, చేతికి కాస్త అంటుకునేట్టు ఉండాలి. ఇక్కడే చాలామంది భయపడి ఇంకో గుప్పెడు మైదా పోస్తారు. పొయ్యకండి. చేతికి నూనె రాసుకుని పది నిమిషాలు పిసికితే అదే దారికొస్తుంది. తడి బట్ట కప్పి రెండింతలు అయ్యేదాకా ఉంచాలి. టైము పట్టించుకోకండి, పిండిని చూడండి. మన సముద్రం పక్క మే నెల ఉక్కలో గంట లోపే పొంగుతుంది, జనవరిలో రెండు గంటలు కూడా పట్టొచ్చు. తర్వాత ఆరు ముద్దలు చేసి పది నిమిషాలు వదిలెయ్యాలి. వెంటనే ఒత్తితే రబ్బరులా వెనక్కి లాక్కుంటుంది.

పెనం విషయంలో ఒక మాట. దోసెల పెనం పనికిరాదు. ఏళ్ళ తరబడి నూనె పట్టి నున్నగా ఉంటుంది కాబట్టి నాన్ దానికి అంటుకోదు, తిరగేస్తే పొయ్యిలో పడుతుంది. ఆ నూనె పోయేదాకా తోమేద్దామా అంటే మా అమ్మ పెనం తీసి దాచేస్తుంది, మీ అమ్మ కూడా దాచేస్తుంది. చపాతీలకి వాడే, పిడి ఉన్న ఇనుప పెనం కావాలి. నాన్‌స్టిక్ అసలు ముట్టుకోకండి. ఒకటి, అంటుకోదు. రెండు, 260 డిగ్రీలు దాటితే దాని పూత పాడవడం మొదలై మంచిది కాని పొగ వస్తుంది.

పెనాన్ని పెద్ద మంట మీద బాగా కాగనివ్వండి. నీటి చుక్క వేస్తే అంటుకుని ఇగిరిపోకుండా ముత్యంలా దొర్లాలి, అంటే 200 దాటినట్టు. ముద్దని అర సెంటీమీటరు మందంలో ఒత్తి, ఒక వైపు తడిచేత్తో నీళ్ళు బాగా రాసి, ఆ తడి వైపు పెనానికి చరచాలి. ఆ తడే జిగురు. నిమిషం లోపు పైన బుడగలు లేస్తాయి. అప్పుడు పిడి పట్టుకుని పెనం తలకిందులు చేసి, మంటకి రెండు మూడు అంగుళాల ఎత్తులో తిప్పుతూ ఉండండి. బుడగల నెత్తి మీద నల్ల మచ్చలు పడతాయి. అర నిమిషం చాలు. అట్లకాడతో అంచు లేపితే ఊడి వస్తుంది. వెంటనే బట్టలో చుట్టెయ్యాలి, లేకపోతే గాలికి గట్టిపడుతుంది.

ఇంకో దారి, కుక్కర్. మూత, గాస్కెట్ పక్కన పెట్టేసి, ఖాళీ కుక్కర్‌ని మంట మీద బోర్లించి కాగనిచ్చి, లోపలి గోడకి నాన్‌లు అంటించి మళ్ళీ బోర్లిస్తారు. ఆకారంలో తందూరుకి ఇదే దగ్గర చుట్టం. కానీ చెయ్యి కాలే అవకాశం ఎక్కువ. నా ఓటు పెనానికే. ఇక హాస్టల్ గదుల్లో దొంగతనంగా ఇండక్షన్ స్టవ్ వాడే మిత్రులకి నా సానుభూతి. మంట లేదు కాబట్టి తిరగెయ్యడానికేమీ లేదు. మూత పెట్టి ఆవిరి మీద పై వైపు ఉడికించుకుని, తిప్పి ఇంకో వైపు అద్దుకోవచ్చు. తినొచ్చు, బాగానే ఉంటుంది. దాన్ని మాత్రం నేను కూడా నాన్ అనను.

ఇప్పుడు ఉప్పు.

మాది ఉద్దానం. మా నాన్న చిన్న వ్యాన్‌లో ఊళ్ళ నుంచి జీడి పిక్కలు పలాస ఫ్యాక్టరీలకి తోలేవాడు. అంతకు ముందు కొబ్బరి తోట ఉండేది, 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకి చాలా చెట్లు పోయాయి. వ్యాను ఆ తర్వాతి సంగతి. కిరాయి డబ్బులు చేతికొచ్చిన రోజు మమ్మల్ని హైవే మీద ధాబాకి తీసుకెళ్ళేవాడు. బటర్ నాన్, కాజూ మసాలా. "మనం తోలిన జీడిపప్పే మనకి తిరిగి అమ్ముతున్నాడు" అని ప్రతిసారీ అదే జోకు. తర్వాత క్రియాటినిన్ పెరిగింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటాడు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని మీకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల పేర్లు చెప్తే చాలు, బయటివాళ్ళు ముందు కిడ్నీ గురించే అడుగుతారు. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచారు, హిరమండలం నుంచి తాగునీటి పైపులు వచ్చాయి. ఇవన్నీ పెద్దవాళ్ళ పనులు. ఇంట్లో మన చేతిలో ఉండే పని ఒకటుంది, వంట.

డయాలసిస్ మీద ఉన్న మనిషికి తిండి మీద వచ్చే కట్టడి బయటివాళ్ళు ఊహించలేరు. కొబ్బరి నీళ్ళు వద్దు, పొటాషియం ఎక్కువ. జీడిపప్పులో ఫాస్ఫరస్. పుట్టి పెరిగిన తోటలో కాసేవన్నీ కొలతలోకి వచ్చేశాయి. నీళ్ళకీ కొలతే. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు అనే సామెత మా ఇంట్లో సామెత కాదు, వైద్యం. ఉప్పు ఎక్కువైతే దాహం, దాహానికి నీళ్ళు, ఆ నీళ్ళు బయటికి పోయే దారి లేక కాళ్ళ వాపు, ఆయాసం.

మామూలు నాన్ లెక్క వేసి చూడండి. పావు కిలో మైదాకి ఒక టీస్పూను ఉప్పు, అర టీస్పూను వంటసోడా వేశామనుకుందాం. టీస్పూను ఉప్పులో సుమారు 2,300 మిల్లీగ్రాముల సోడియం. సోడా ఉప్పగా ఉండదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ అర టీస్పూనులో 600 మిల్లీగ్రాముల పైన సోడియం ఉంది. ఆరు నాన్‌లకి పంచితే ఒక్కోదానికి 490 దాకా. రెండు తింటే దాదాపు 1,000. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకి 2,000. కూర, పెరుగు, పచ్చడి జోలికి పోకుండానే సగం అయిపోయింది. ధాబాలో "ఉప్పు తగ్గించు భయ్యా" అంటే కూరలో తగ్గిస్తాడేమో గానీ నాన్‌లో తగ్గించలేడు. ఆ పిండి ముందే కలిపి పెట్టేసి ఉంటుంది.

ఇంట్లో మాత్రం పిండిలో ఉప్పు సున్నా చెయ్యొచ్చు. సోడా బదులు ఈస్టు వేస్తే ఆ సోడియమూ పోతుంది. బేకింగ్ పౌడర్ అయితే ఇంకో చిక్కు. చాలా రకాల్లో ఫాస్ఫేటు లవణాలు ఉంటాయి, పప్పులో గింజల్లో ఉండే ఫాస్ఫరస్ కంటే అది ఒంటికి తొందరగా ఎక్కుతుంది. అందుకని మాకు ఈస్టే దిక్కు.

అయితే ఉప్పు తీసెయ్యడం అంటే రుచి తీసెయ్యడం ఒక్కటే కాదు. ఉప్పు పిండిలో గ్లూటెన్‌ని బిగిస్తుంది, ఈస్టుకి కళ్ళెం వేస్తుంది. అది లేకపోతే ముద్ద జావలా సాగుతుంది, ఈస్టు పరుగెత్తి పిండి పులిసిపోతుంది. కాబట్టి నీళ్ళు పది, పదిహేను మిల్లీలీటర్లు తగ్గించాలి, ఈస్టు పావు టీస్పూను చాలు, ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పిసకాలి. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీస్తే ఇంకా మంచిది. చల్లగా, నెమ్మదిగా పొంగిన పిండికి దానికంటూ ఒక రుచి వస్తుంది. ఇటలీలో టస్కనీ అనే ప్రాంతంలో మామూలు రొట్టెలోనే ఉప్పు వెయ్యరు, తరతరాలుగా అదే తింటున్నారు. అక్కడ పక్కన తినేవి ఉప్పగా ఉంటాయి, మాకు ఆ వెసులుబాటు లేదు. అందుకే ఒత్తేటప్పుడు నల్ల జీలకర్ర, సన్నగా తరిగిన వెల్లుల్లి, కొత్తిమీర అద్దుతాం. పైన రాసేది ఉప్పు కలిపిన బటర్ కాదు, ఇంటి వెన్న. అన్నిటికంటే ఎక్కువ పని చేసేవి ఆ నల్ల మచ్చలు. కాస్త మాడిన చేదు నాలుకకి తగిలితే ఉప్పు లేని లోటు సగం తెలియదు. పెనం తిరగెయ్యాలని నేను ఇంత పట్టుబట్టడం అందుకే.

ఒక హెచ్చరిక, దయచేసి ఇంట్లో చెప్పండి. 'లో సోడియం' అని ప్యాకెట్ మీద రాసిన ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ రోగికి అది మేలు అనుకుని కొనిపెట్టకండి. పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

మొదటిసారి నాన్నకి ఇది పెట్టినప్పుడు ఒక ముక్క నమిలి, "ఏటిరా, ఇందుల ఉప్పు నేదా?" అన్నాడు. నేదు అన్నాను. "నేకపోయినా పర్వానేదు, కాలింది బాగుంది" అన్నాడు. రెండోది అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. ముందే డైటీషియన్ మేడమ్‌కి కాగితం మీద అన్నీ రాసి చూపించి, వారానికోసారి రెండు అని ఒప్పుకున్నదే, కాబట్టి ఇచ్చింది. పక్కన కాజూ మసాలా లేదు. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉడికించి నీళ్ళు పారబోసిన బంగాళాదుంప, ఉల్లిపాయ, నిమ్మరసం. ఒకటే కూర అందరికీ, ఉప్పు కావలసినవాళ్ళు పైన చల్లుకున్నాం. ఆ రోజు ఆయనకి వేరే కంచం, వేరే గిన్నె లేదు. నా వరకు ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద విషయం అదే. రోగికి విడిగా చప్పిడి కూడు వండి పెట్టి, మిగతావాళ్ళు మామూలుగా తినడం మా ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో చూస్తున్నాను. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, వీలు కాక అలా చేస్తారు. కానీ ఒక పక్క కూర్చుని తినే మనిషి కొన్నాళ్ళకి మాట్లాడటం తగ్గించేస్తాడు.

"మైదా విషం కదా" అని వాట్సాప్‌లో చదివినవాళ్ళు అడుగుతారు. రోజూ మూడు పూటలా తినమని ఎవరూ అనడం లేదు. డాక్టర్లు కొందరు కిడ్నీ రోగులకి పొట్టుతో ఉన్న గోధుమ పిండి కంటే తెల్ల పిండే నయం అంటారు, పొట్టులో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ కాబట్టి. మధుమేహం కూడా ఉంటే లెక్క మారుతుంది. ఎవరి రక్తపరీక్ష వాళ్ళది, ఎవరి డాక్టరు వాళ్ళకున్నాడు. మా నాన్న కొలత చూసి మీ నాన్నకి పెట్టకండి, ముందు అడగండి. "అంత కష్టపడి నాన్ తినకపోతే ఏం?" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రశ్న అడిగినవాళ్ళెవరూ కొబ్బరి నీళ్ళు, చారు, ఊరగాయ, ఎండు చేప, పప్పు ఒకే నెలలో మానేసినవాళ్ళు కారు.

చివరిగా మన ధాబాల వాళ్ళకి ఒక విన్నపం ఉంది. ఈ పత్రిక వాళ్ళు చదవరు, కానీ చదివే మీలో సగం మంది సెలవులకి అక్కడే తింటారు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఎవరైనా ఒక్కరు, పిండి కలిపేటప్పుడు ఉప్పూ సోడా వెయ్యకుండా, ఈస్టుతో పది ముద్దలు విడిగా పెట్టుకోవచ్చు. గుర్తుకి పైన నల్ల జీలకర్ర అద్దితే సరిపోతుంది. వాళ్ళకి అయ్యే ఖర్చు ఒక గిన్నె, ఒక మూత. వచ్చే ఆదివారం బిల్లు కట్టేటప్పుడు కౌంటర్ దగ్గర అడిగి చూడండి. నేను రెండు చోట్ల అడిగాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన "రోజుకి ఎంతమంది వస్తారు?" అని అడిగాడు.